ఫైలు అట్టల బోయింగ్

బల్ల మీద లేత పసుపు రంగు ఫైలు అట్ట. మన ప్రభుత్వ ఆఫీసుల్లో ట్యాగు కట్టి బీరువాల్లో పేర్చే ఫైళ్లకు వాడేలాంటిదే. దాని మీద ప్రింటరు దింపిన సన్నటి గీతలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కుర్రాడు బల్ల మీదికి వంగి ఆ గీతల వెంట సన్నకత్తి నడుపుతున్నాడు. మొన వెంట్రుకవాసి పక్కకు జారినా ఆ ముక్క పారేయాల్సిందే. కోసిన ముక్కను మడిచి, అంచుకు పిసరంత జిగురు రాసి, అది పట్టేదాకా కదలకుండా పట్టుకున్నాడు. వేళ్లు తీశాక కనిపించింది ఒక కుర్చీ. వీపు ఆనించుకునే భాగం, చేతులు పెట్టుకునే భాగం, అడుగున కాళ్లు, అన్నీ ఉన్నాయి. ఏడు మిల్లీమీటర్ల వెడల్పు.

ఎయిర్ ఇండియా బోయింగ్ 777-300ఈఆర్ విమానంలో ఎకానమీ క్లాసు సీటు అది, అరవయ్యో వంతు సైజులో.

దానికి పట్టిన సమయం 20 నిమిషాలు. ఎకానమీ సీటు అన్నిటికన్నా సులువైనది. బిజినెస్ క్లాసు సీటు ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టింది. ఫస్ట్ క్లాసు సీటుకైతే ఎనిమిది గంటలు, అంటే మన హైటెక్ సిటీలో ఒక షిఫ్టు. ఎయిర్ ఇండియా ఆ విమానాల్లో వేయించుకున్నవి ఫస్ట్ క్లాసులో 4, బిజినెస్‌లో 35, ఎకానమీలో 303, మొత్తం 342 సీట్లు. లెక్క వేసి చూడండి. ఎకానమీకి 101 గంటలు, బిజినెస్‌కు తక్కువలో తక్కువ 140, ఫస్ట్ క్లాసుకు 32. ఎక్కడా చెయ్యి తప్పకపోతే, ఏ ముక్కా పారేయకపోతే, 273 గంటలు. సీట్లకే అతని వేసవి సెలవులన్నీ అయిపోయాయి. విమానం ఒళ్లు మూసేశాక ఆ సీట్లలో చాలావాటిని ఎవరూ సరిగా చూడను కూడా చూడలేరు.

అతని పేరు లూకా ఇయాకోనీ-స్టువర్ట్. ఈ పని మొదలుపెట్టింది 2008లో, హైస్కూల్లో ఉండగా.

హైస్కూల్లో అతను ఆర్కిటెక్చర్ క్లాసు తీసుకున్నాడు. భవనాల ఆకారం ఎలా ఉంటుందో చూసుకోవడానికి ఆ క్లాసులో అట్టతో నమూనాలు కట్టేవారు. వాళ్లు వాడిన అట్ట మనీలా ఫోల్డరు. ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా అనే అరటి జాతి మొక్క నారతో ఒకప్పుడు ఆ కాగితం చేసేవారు, అందుకే ఆ దేశ రాజధాని పేరు. ఇప్పుడు మామూలు కలప గుజ్జుతోనే చేస్తున్నారు కానీ రంగు, పేరు మాత్రం నిలిచిపోయాయి. లూకాకు చిన్నప్పటి నుంచీ విమానాల పిచ్చి. క్లాసులో చేతికి అలవాటైన అట్ట, మనసులో ఉన్న విమానం, ఈ రెండింటి మధ్య ఒకరోజు ఇంటర్నెట్‌లో మూడోది తగిలింది. ఎయిర్ ఇండియా 777-300ఈఆర్ బొమ్మ, లోపలి అమరికతో సహా చాలా వివరంగా గీసినది. అమెరికా కుర్రాడు అమెరికన్ ఎయిర్‌లైన్ విమానాన్ని కాకుండా మన మహారాజా విమానాన్ని ఎంచుకోవడానికి కారణం అంతే. మంచి డ్రాయింగు దొరికింది, మొదలుపెట్టేశాడు.

అదే 2008లో, మార్చి 23న, శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పనిచేయడం మొదలైంది. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి తరలాయి. అంతకు ముందు ఏడాదే ఎయిర్ ఇండియాకు కొత్త 777లు రావడం మొదలై, ఒక్కోదానికి ఒక్కో రాష్ట్రం పేరు పెట్టారు. మొదట వచ్చిన 777-200ఎల్‌ఆర్‌కు పెట్టిన పేరు ‘ఆంధ్రప్రదేశ్’. ఆ తరువాత చాలా ఏళ్లకు, 2021 జనవరి 15న, హైదరాబాద్ నుంచి అమెరికాకు మధ్యలో ఎక్కడా ఆగని మొదటి సర్వీసు, షికాగోకు, మొదలైంది. దానికి వాడింది కూడా 777-200ఎల్‌ఆర్‌నే. గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ ఇళ్లలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఎందరో ఈ జాతి విమానాల్లో రాత్రంతా కూర్చుని వెళ్లినవాళ్లే. వాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆ సీటునే ఇతను 20 నిమిషాలు మడిచాడు.

లూకా దగ్గర కిట్ లేదు. కిట్ కొంటే ముక్కలన్నీ అచ్చై వస్తాయి. ఏ ముక్క ఎక్కడ అంటించాలో నంబర్లుంటాయి, మనం కోసి మడిచి అంటించుకుంటే చాలు. ఆ మాత్రమూ పెద్ద పనే, చేసినవాళ్లకు తెలుసు. ఇతను కిట్‌ను కూడా తనే తయారు చేసుకున్నాడు. కంప్యూటర్‌లో ఇలస్ట్రేటర్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముక్కనూ గీశాడు, గీసినదాన్ని నేరుగా ఫైలు అట్ట మీదే ప్రింటు తీశాడు. కోయడం ఆ తరువాత మాట.

ఇక్కడ నన్ను బాగా ఆలోచనలో పడేసిన విషయం చెప్పాలి. బోయింగ్ 777 కాగితం లేకుండా పుట్టిన విమానం. అంతవరకూ విమానమంటే డ్రాయింగు బోర్డులు, వేల వేల షీట్లు, వాటిలో ముక్కకు ముక్క సరిపోతుందో లేదో చూడటానికి నిజమైన సైజులో కట్టి చూసే నమూనాలు. 777ను మొత్తం కంప్యూటర్‌లోనే, ఫ్రెంచి కంపెనీ దసో వారి కాటియా సాఫ్ట్‌వేర్‌తో, మూడు కొలతల్లో గీశారు. రెండు వేలకు పైగా వర్క్‌స్టేషన్ల మీద ఇంజనీర్లు పనిచేశారు. దాదాపు 30 లక్షల భాగాలు తెర మీదే ఒకదానితో ఒకటి కలిశాయి. 1994 జూన్ 12న అది తొలిసారి ఎగిరింది. అలాంటి విమానాన్ని తెర మీద నుంచి కాగితం మీదికి దింపినవాడు ఈ కుర్రాడు. డ్రాయింగు షీటు మీదికి దింపి ఊరుకోలేదు, కాగితంతోనే కట్టాడు.

ఈ మాట హైదరాబాద్‌లో కూర్చుని రాస్తున్నందుకు ఇంకో సంగతి గుర్తొస్తోంది. మాదాపూర్ ఇన్ఫోసిటీలో సైయెంట్ ఆఫీసు ఉంది. 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మొదలుపెట్టిన కంపెనీ అది. ప్రాట్ అండ్ విట్నీ లాంటి విమాన ఇంజన్ల కంపెనీకి ఏళ్ల తరబడి ఇక్కడి నుంచి ఇంజనీరింగ్ పని చేసిపెట్టింది. మన ఐటీ కారిడార్ అంటే కోడింగే అనుకుంటారు బయటివాళ్లు. ఇక్కడి మెట్రో ఎక్కే వాళ్లలో బ్రాకెట్లు, బ్లేడ్లు, పైపుల వంపులు గీసేవాళ్లు కూడా ఉన్నారు. రోజూ తెర మీద విమానం ముక్కలు తిప్పి తిప్పి చూసేవాళ్లు, వాటిలో ఒక్కదాన్ని కూడా చేత్తో తాకకుండానే రిటైరయ్యేవాళ్లు కూడా ఉంటారు.

వాళ్లందరికీ లూకా చేసిన పని పేరు తెలుసు. బీటెక్ ఫస్టియర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ పేపరు గుర్తుందా? మినీ డ్రాఫ్టరు చంకలో పెట్టుకుని, షీట్లు చుట్టిన గొట్టం భుజాన తగిలించుకుని ఆర్టీసీ బస్సెక్కిన రోజులు? ఎన్.డి. భట్ పుస్తకంలో ‘డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్’ అని ఒక అధ్యాయం ఉండేది. శంకువును, స్తూపాన్ని, పట్టకాన్ని విప్పి పరిస్తే కాగితం మీద ఎలా కనిపిస్తుందో గీయమనేవారు. పరీక్షలో ఖాయంగా వచ్చే ప్రశ్న, మార్కులు తెచ్చిపెట్టే ప్రశ్న. గీసేవాళ్లం, షీటు సంతకం పెట్టించుకునేవాళ్లం, మరిచిపోయేవాళ్లం. ఆ గీసినదాన్ని కత్తెరతో కోసి మడిచి చూడమని ఎవరూ అనలేదు. లూకా పదేళ్ల పని మొత్తం ఆ ఒక్క అధ్యాయమే.

కాగితానికి ఒక మొండితనం ఉంది. ఒక వైపుకు ఎంతైనా వంగుతుంది. ఒకేసారి రెండు వైపులకు వంగమంటే వంగదు, ముడత పడుతుంది. విమానం మధ్య భాగం గొట్టం కాబట్టి పేచీ లేదు, అట్టను చుట్టేస్తే వచ్చేస్తుంది. 777 ఒళ్లు ఆరు మీటర్ల పైచిలుకు వ్యాసం, అరవయ్యో వంతులో పది సెంటీమీటర్లు. చిక్కంతా ముక్కు దగ్గర, తోక దగ్గర. అక్కడ విమానం అన్ని వైపులకూ గుండ్రంగా తిరుగుతుంది. నారింజ తొక్క ఒలిచి బల్ల మీద పరిస్తే ఎక్కడికక్కడ చీలిపోతుంది చూడండి, ఆ చీలికలను ముందే లెక్కగట్టి అట్ట మీద గీసుకోవాలి. సన్నటి పట్టీలుగా, రేకలుగా కోసి, ఒక్కో రేకనూ పెన్సిలు మీదనో గాజు గొట్టం మీదనో రాసి వంపు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి అంటించాలి. ఒక రేక అర మిల్లీమీటరు వెడల్పు ఎక్కువైతే పదో రేక దగ్గరికి వచ్చేసరికి ముక్కు వంకరపోతుంది.

కాగితానికి నార కూడా ఉంటుంది. మిల్లులో తయారయ్యేటప్పుడు పోగులన్నీ ఒక దిక్కుకు పడతాయి. నార వెంట మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది. అడ్డంగా మడిస్తే అంచు చిట్లుతుంది, పోగులు లేస్తాయి. మంచి పనివాళ్లు ముందు అట్టను రెండు వైపులా మెల్లగా వంచి చూసి, ఎటు సులువుగా వంగిందో గుర్తు పెట్టుకుని అప్పుడు ప్రింటు తీస్తారు. ఇక మందం సంగతి. ఫైలు అట్ట దాదాపు పావు మిల్లీమీటరు ఉంటుంది. అరవై రెట్లు పెంచండి, ఒకటిన్నర సెంటీమీటరు. అసలు విమానానికి తొడిగే అల్యూమినియం రేకు చాలాచోట్ల దాంట్లో పదో వంతుకు అటూ ఇటూ. అంటే ఎంత సన్నగా కోసినా అట్ట విమానం ముక్కలు లెక్క ప్రకారం లావే. ఆ లావును ఎక్కడ దాచాలి, ఎక్కడ అంచు పక్కకు తిప్పి కనబడకుండా చేయాలి అనేదే ఈ విద్యలో సగం.

ఇంజన్ దగ్గరకు వస్తే అతని చేతిపనికి దండం పెట్టాల్సిందే. 777-300ఈఆర్ రెక్కల కింద వేలాడేవి జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90-115బీ ఇంజన్లు. ఎదుట తిరిగే పెద్ద ఫ్యాను మూడుంబావు మీటర్ల వ్యాసం, అందులో మెలి తిరిగిన 22 బ్లేడ్లు. అతని బల్ల మీద ఆ ఫ్యాను అయిదున్నర సెంటీమీటర్లు. బయటి తొడుగు తెరిస్తే లోపల పైపులూ అమరికా కనిపించేలా కట్టాడు. చక్రాల సంగతి అంతకన్నా విడ్డూరం. 777కు మొత్తం 14 చక్రాలు, ముక్కు కింద రెండు, పొట్ట కింద ఒక్కో వైపు ఆరేసి. అవి పైకి ముడుచుకుని లోపలికి వెళ్లి తలుపు మూసుకోవాలి. అతను కట్టిన చక్రాల కాళ్లు నిజంగానే ముడుచుకుంటాయి. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అదంతా అట్టా జిగురూ. రంగు కూడా వేయలేదు.

తోక దగ్గర ఆగిపోయాడు. కట్టాడు, నచ్చలేదు. పక్కన పెట్టి మళ్లీ కట్టాడు. అదీ నచ్చలేదు. మూడోసారి కట్టింది నిలిచింది. బయటివాళ్లకు మొదటిదానికీ మూడోదానికీ తేడా కనిపించేది కాదేమో. అతనికి కనిపించింది, అది చాలు. మన ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి 2018లో తెరిచిన ఫ్యాక్టరీ ఉంది. ముందు అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు, ఆ తరువాత 737 విమానాల తోక మీద నిలువుగా నిలబడే రెక్క అక్కడ తయారవుతున్నాయి. నచ్చని ముక్కను పక్కన పెట్టి మళ్లీ చేయడమంటే ఏమిటో అక్కడి పనివాళ్లకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఈ మధ్యలో అతను వాసర్ కాలేజీలో చేరాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పేరున్న కాలేజీ. విమానానికి ఎక్కువ సమయం కావాలని చదువు మధ్యలో ఆపేశాడు. ఈ వాక్యం దగ్గర తెలుగు పాఠకుల కనుబొమలు ముడిపడతాయని నాకు తెలుసు. మన ఇళ్లలో ఇంటర్ ఎంపీసీ దగ్గర మొదలైన పరుగు క్యాంపస్ ప్లేస్‌మెంట్ దాకా ఆగదు, ఆ పరుగు ఎంత కష్టంతో వచ్చిందో చూసినవాణ్ని నేను. కాబట్టి అట్ట విమానం కోసం కాలేజీ మానేయమని ఎవరికీ చెప్పను. కానీ ఒక పని పూర్తి కాకపోతే నిద్ర పట్టని గుణం ఆ కుర్రాడికి ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని మన పిల్లల్లో మనం ఎక్కడ తుంచేస్తున్నామో ఆలోచించమని మాత్రం చెబుతాను.

2014 జనవరిలో అమెరికా పత్రిక వైర్డ్ అతని గురించి రాసింది. అప్పటికి వయసు 22. అయిదేళ్లకు పైగా అయిన పని అది, అప్పటికింకా రెక్కలు లేవు. పూర్తయితే ముక్కు నుంచి తోక దాకా నాలుగడుగుల పైన, దాదాపు 123 సెంటీమీటర్లు. రెక్క కొస నుంచి రెక్క కొసకు 108. రోజుల్లోనే ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ తరువాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ పిలిచి తమ ప్రకటన కోసం ఎయిర్‌బస్ ఏ380ను అదే ఫైలు అట్టతో కట్టించుకుంది. అంటే పిచ్చి అని జనం అనుకున్నదే చివరికి అతనికి పనీ ఇచ్చింది. రెక్కల పని మాత్రం అతన్ని ఇంకా కొన్నేళ్లు కూర్చోబెట్టింది. ఒళ్లు గొట్టం, దాని బరువు అదే మోసుకుంటుంది. రెక్క అలా కాదు, గాల్లోకి చాచి నిలబడాలి, కింద ఇంజన్ వేలాడాలి, ఎక్కడా వాలకూడదు. దానికి లోపల అట్ట దూలాలు, అడ్డ పట్టీలు వేయాల్సిందే, అసలు విమానంలో వేసినట్టే.

ఇలాంటి పనికి పాత చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాల్సా కర్ర మస్కిటో విమానాలకూ లైఫ్ రాఫ్టులకూ వెళ్లిపోతే, అమెరికాలో బ్రిటన్‌లో పిల్లలకు అచ్చేసిన కాగితం విమానాలే దిక్కయ్యాయి. పోలండ్‌లో 1957 నుంచి ‘మావీ మొడెలాష్’ అనే పత్రిక కోసి కట్టుకునే విమానాలను సంచిక సంచికకూ అచ్చేసింది. జపాన్‌లో యసుఆకి నినోమియా టెలిఫోన్ కంపెనీలో మైక్రోవేవ్ ఇంజనీరు. 1967లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక పెట్టిన అంతర్జాతీయ కాగితం విమానాల పోటీలో గెలిచి, తరువాత వైట్ వింగ్స్ కిట్లతో లక్షల పిల్లల చేతుల్లోకి వెళ్లాడు. పగలు టెలికం, సాయంత్రం కాగితం. సైబరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు ఈ జీవితం దూరమైనదేమీ కాదు.

సామాను కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మీ కాలనీ స్టేషనరీ షాపులో ఫైలు అట్ట దొరుకుతుంది, లేదంటే 200 జీఎస్‌ఎం ఐవరీ షీటు అడగండి. పెన్ను లాంటి పిడి ఉన్న సన్న కట్టరు, స్టీలు స్కేలు, కింద వేసుకోవడానికి కటింగ్ మ్యాటు, ఫెవికాల్, ఒక టూత్‌పిక్. జిగురు డబ్బాలోంచి నేరుగా పోయవద్దు, టూత్‌పిక్ కొనతో తీసి గీత లాగా రాయాలి. ఎక్కువైతే కాగితం తడిసి ఉబ్బి మళ్లీ చదును కాదు. మడత దగ్గర ముందు రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో అదిమి గీత గీసుకోండి, అప్పుడే మడవండి. బ్లేడు మొద్దుబారిందనిపించకముందే మార్చేయండి. ఒక్క కోతలో తెగాలని బలం పెట్టొద్దు, రెండు మూడు సార్లు తేలిగ్గా నడిపిస్తే గీత తిన్నగా వస్తుంది. రంగు అచ్చేసిన కాగితంతో కడితే కోసిన అంచులకు అదే రంగు పెన్సిలు రుద్దండి, అతుకులు కనబడవు.

2024 జనవరిలో బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగింది. 777కు తమ్ముడు, మడత పడే రెక్క కొసల 777-9, మన దేశానికి తొలిసారి అక్కడికే వచ్చింది. ఎయిర్ ఇండియా తన తొలి ఏ350నూ అక్కడే చూపించింది. ఎండలో పిల్లల్ని భుజాన ఎక్కించుకుని విమానాలు చూపించిన తండ్రులు ఆ నేల మీద ఎందరో. చూసి ఇంటికి వచ్చాక ఆ పిల్లల చేతిలో పెట్టడానికి మన దగ్గర ఏముంది? రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, ఏ ఆలోచననైనా నమూనాగా చేసి చూడొచ్చని పెట్టిన కేంద్రం. ఖరీదైన యంత్రాల పక్కన ఒక బల్ల, నాలుగు కట్టర్లు, ఒక కట్ట ఫైలు అట్టలు పెట్టి శనివారాలు పిల్లల్ని రమ్మంటే ఆ కేంద్రానికి వచ్చే నష్టమేమీ లేదు.

చివరిగా, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో డ్రాయింగ్ చెప్పే మేష్టార్లకు మనవి. ఈ ఏడాది ‘డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్’ చెప్పేటప్పుడు షీటు మీద సంతకం పెట్టి వదిలేయకండి. గీసిన శంకువును కోయించండి, మడిపించండి, వీలైతే ఒక విమానం ముక్కు కట్టించండి. ఒక్కో విద్యార్థికి అయ్యే ఖర్చు ఒక ఫైలు అట్ట, ఒక బ్లేడు.